అస్సామీ ‘ఆహు’ వరి: మాట ఎవరిది?

జోర్హాట్‌వాసి: ఇక్కడ అస్సాంలో వసంతంలో చల్లి వేసవి వానల్లో కోసే వరిని ఆహు అంటారు. వానాకాలంలో నాటి చలికాలంలో కోసేది శాలి. లోతు నీళ్లలో పెరిగేది బావో. మా ఇంటి యజమాని, ఆహు అనేది ఒకప్పుడు అస్సాంను ఏలిన ఆహోమ్‌ల మాటే అంటారు. వినడానికి దగ్గరగానే ఉంది. నిజమేనా?

పదశోధి: చెవికి దగ్గరైతే చాలదండీ. ఆహోమ్‌ల తాయ్ భాషలో వరి ‘ఖావ్’. ఆ మాట ఆహులో ఎక్కడుంది? సంస్కృతంలో ‘ఆశు’ అంటే త్వరగా అని. మనం ఆశుకవిత్వం అనే మాటలోని ఆశువే. అస్సామీలో మాట మధ్య శ, ష, స తరచుగా ‘హ’ అవుతాయి: ఆశ్వినం ఆహిన్, ఆషాఢం ఆహార్, మాసం మాహ్, మానుషుడు మానుహ్. ఆశు ఆహు కావడంలో వింతేముంది? బెంగాలీలో ఇదే పంట ‘ఆఉశ్’. అక్కడ ఆహోమ్‌ల పాలన లేదు.

మట్టిచేయి: ప్రతి గింజకూ సంస్కృతం ముద్ర కొట్టడం మనకు అలవాటైంది. ఆహోమ్‌ల తొలి రాజు సుకాఫా 1228లో అస్సాం చేరకముందే కొండల్లో, మైదానాల్లో వరి పండించినవాళ్లున్నారు. వాళ్ల మాటేమైంది? అన్నట్టు, శాలి ‘హాలి’ ఎందుకు కాలేదు?

పదశోధి: శాలిలో ఆ అక్షరం మాట మొదట్లో ఉంది. రాతలో ‘శ’ అయినా, పలికేటప్పుడు గొంతులో గరగరలాడుతుంది. ఒకసారి చెప్పించుకుని వినండి. ఇక అస్సాంలోని బోడోల భాషలో వరి ‘మై’, బియ్యం ‘మైరోంగ్’. ఆహుకు అవీ చుట్టాలు కావు. పంట వాళ్లదే కావచ్చు, నేను కాదనను. పంట ఒకరిదై, పేరు ఇంకొకరిదైతే తప్పేమిటి?

మట్టిచేయి: పేరు సంస్కృతంలోనే పుట్టిందనడమే నాకు మింగుడుపడదు. అమరకోశంలో ఆశు, వ్రీహి, పాటలం వరి పేర్లుగా ఒకే వరుసలో ఉన్నాయి, సరే. కానీ పొలంలో వినిపించే మాటనే అమరసింహుడు శ్లోకంలో బిగించి ఉండకూడదా? మన ‘వరి’కీ ‘వ్రీహి’కీ ఉన్న సంబంధమే ఇంకా తేలలేదు.

పదశోధి: ఉండవచ్చు. అప్పుడు కూడా ఆ మాట ఆహోమ్‌లది కాదు. నా వాదన అంతవరకే.

జోర్హాట్‌వాసి: యజమానికి ఇదంతా చదివి వినిపించాను. ఆయన నవ్వి, కోమల్ సాఉల్ అనే బియ్యం నీళ్లలో నానబెట్టి, పెరుగూ బెల్లమూ కలిపి నా ముందు పెట్టారు. పొయ్యి వెలిగించకుండానే అన్నం! ఆశువు అనే పేరు దీనికి పెట్టాల్సింది. ఆహు మీద మాత్రం ఆయన మాట మార్చుకోలేదు.