మా బబ్లూకి 13 ఏళ్లు, రాత్రుళ్లు నిద్రపోకుండా ఇల్లంతా తిరుగుతున్నాడు. ఇది వయసేనా, ఇంకేమైనా ఉందా?

వానచినుకు:

మా బబ్లూ ల్యాబ్రడార్ కుక్క, మగ. ఈమధ్యే 13 నిండాయి. తిండి బాగానే తింటాడు, ఎవరైనా ఇంటికొస్తే తోక ఊపుకుంటూ ఎదురెళ్తాడు, కాబట్టి పగలు చూసినవాళ్లకి ఏ తేడా కనపడదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాకే మొదలవుతుంది. గోళ్లు టకటకలాడించుకుంటూ హాల్లోంచి వంటగదిలోకి, అక్కణ్ణుంచి వీధి తలుపు దాకా, మళ్లీ హాల్లోకి. పడుకోబోయి గుండ్రంగా నాలుగు చుట్లు తిరుగుతాడు, వెనక కాళ్లు మడవబోతాడు, సగంలో ఆగి మళ్లీ లేచి నిలబడతాడు. ఒక్కోసారి తలుపు వెనక మూలలోకి వెళ్లి గోడకేసి చూస్తూ ఉండిపోతాడు, నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా తిప్పితే గానీ బయటికి రాడు.

పేరు పెట్టి పిలిస్తే ఇదివరకులా పలకట్లేదు. కళ్లలో నీలంగా పొరలాంటిది కనపడుతోంది. నున్నటి టైల్స్ మీద వెనక కాళ్లు జారి రెండు పక్కలకీ విడిపోతున్నాయి.

ఇంట్లో అందరూ "ముసలాడైపోయాడు, అంతే" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏడవడు, మూలగడు, ముట్టుకుంటే అరవడు. అంటే నొప్పి లేనట్టేనా? నాన్నగారు మోకాళ్ల నొప్పులకి వేసుకునే మాత్ర సగం ఇచ్చి చూద్దామా అని అమ్మ అడుగుతోంది. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి, నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

ఉత్తరగాలి:

ముందు ఆ మాత్ర ఆపండి. సగం కాదు, పావు కూడా వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మనుషుల కడుపు తట్టుకున్నట్టు కుక్కల కడుపు తట్టుకోదండి, పేగుల్లో పుండ్లు పడి రక్తం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసెటమాల్ మామూలు మాత్రే కదా అనుకుంటారు, అది కూడా మోతాదు దాటితే కాలేయాన్ని పాడుచేస్తుంది, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. కుక్కల కోసమే చేసిన నొప్పి మందులు వేరే ఉన్నాయి, వాటిని కూడా డాక్టరు బరువు చూసి, రక్తపరీక్ష చేసి రాస్తారు. అమ్మగారు ప్రేమతోనే అన్నారని తెలుసు, కానీ ఈ ఒక్క విషయంలో గట్టిగా చెప్పండి.

పెరటిజాజి:

వానచినుకు గారూ, "ముసలాడైపోయాడు" అన్నమాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ ఒక్కమాటతో చాలా కుక్కలకి అందాల్సిన వైద్యం అందకుండా పోతోంది. వయసు వల్ల ఒళ్లు నెమ్మదిస్తుంది, నిజమే. కానీ మీరు రాసినవాటిలో సగానికి సగం నాకు నొప్పిలాగే కనిపిస్తున్నాయి.

కుక్కలు నొప్పికి అరవడం తక్కువ. ఎముక విరిగినప్పుడో, కాలు తొక్కినప్పుడో అరుస్తాయి గానీ, నెలల తరబడి మెల్లగా పెరిగే కీళ్లనొప్పికి అరవవు, దాని చుట్టూ తమ అలవాట్లు మార్చేసుకుంటాయి. సోఫా ఎక్కడం మానేస్తాయి. నిద్ర లేచాక మొదటి నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు వేసి, తర్వాత మామూలుగా నడుస్తాయి. ఒకే కీలుని పదేపదే నాకుతాయి. బరువంతా ముందు కాళ్ల మీద వేసి వేసి వెనక తొడలు సన్నబడిపోతాయి. మీరు రాశారు చూడండి, కాళ్లు మడవబోయి సగంలో ఆగి లేస్తున్నాడని, నా ఉద్దేశంలో మొత్తం పోస్టులో అదే ముఖ్యమైన సంగతి. పడుకోవాలనే ఉంది వాడికి, తుంటి మడిచినప్పుడు నొప్పి పుట్టి పడుకోలేకపోతున్నాడేమో. అలా పడుకోలేని కుక్క రాత్రంతా తిరక్క ఏం చేస్తుంది?

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు వీడియోలు తీయండి. ఇది చాలా అవసరం. ఆసుపత్రి టేబుల్ మీద భయానికి, కంగారుకి ఒంట్లోకి ఎక్కడ లేని చురుకూ వచ్చేస్తుంది, కుంటేవాడు కూడా కుంటడు. ఇంట్లో నిద్ర లేచేటప్పుడు ఒకటి, పడుకోబోయేటప్పుడు ఒకటి, పక్కనుంచీ వెనకనుంచీ నడక ఒక్కొక్కటి, రాత్రి తిరుగుడు ఒకటి తీసి చూపిస్తే మీరు పావుగంట చెప్పినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

నొప్పి తేలితే కార్ప్రొఫెన్, మెలాక్సికామ్ లాంటివి కుక్కల మోతాదులో రాస్తారు. ఇప్పుడు బెడిన్‌వెట్‌మాబ్ అని నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఉంది. ఏది సరిపోతుందో రక్తపరీక్ష చూసి వాళ్లే చెప్పాలి. అది వాళ్ల పని.

మన చేతిలో ఉన్న పని బరువు. ల్యాబ్రడార్‌ల మీదే ఒక పెద్ద పరిశోధన జరిగింది, 48 కుక్కపిల్లల్ని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి దాదాపు 2 ఏళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల మందులు అవసరమైన వయసు కూడా బాగా వెనక్కి జరిగింది. చేత్తో తడిమితే పక్కటెముకలు తేలిగ్గా తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనపడాలి. మీవాడికి అలా లేకపోతే కొంచెం కొంచెంగా తగ్గించండి, ఒక్కసారిగా కాదు.

ఇక ఆ టైల్స్ సంగతి ఇవాళే చూడండి. వాడు ఎక్కువగా నడిచే దారి పొడుగునా జారని చాపలు పరవండి, యోగా మ్యాట్లు అయినా సరే. మధ్యలో ఖాళీలు ఉంచకండి, ఒక చాప నుంచి ఇంకో చాపకి దూకబోయి పడతాడు. గోళ్లు కత్తిరించండి (నేల మీద టకటకలాడుతున్నాయంటేనే పెరిగాయని అర్థం, పొడుగు గోళ్లు నేలకి తగిలి పంజా సరిగ్గా ఆననివ్వవు). పాదాల కింద మెత్తల మధ్య వెంట్రుకలు పెరిగి ఉంటే అవీ తీసేయండి. పడక మందంగా ఉండాలి, పడుకున్నాక తుంటి ఎముక నేలకి తగలకూడదు.

నల్లముక్కు:

పెరటిజాజి గారు చెప్పిందంతా నిజం. నేను ఆ మూలలో నిలబడటం గురించి చెప్తాను, ఎందుకంటే మా కుక్క కూడా చివరి రెండేళ్లూ అలాగే చేసింది.

మనుషుల్లో మతిమరుపు జబ్బు ఉన్నట్టే కుక్కలకీ వయసుతోపాటు మెదడు మందగించే జబ్బు ఒకటి ఉంది. తెలిసిన ఇంట్లోనే దారి తప్పుతాయి, తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందు ఉన్న వైపు వెళ్లి నిలబడతాయి, మూలలోకి దూరి వెనక్కి అడుగు వేయడం తెలియక ఉండిపోతాయి. పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఎన్నేళ్లుగానో బయటికెళ్లి పోసుకునేవి ఇంట్లో పోసేస్తాయి. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్లవాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణాల్లో కనీసం ఒక్కటైనా కనిపించింది. కాబట్టి మీవాడికి ఏదో వింత జబ్బు వచ్చిందని భయపడకండి.

అయితే దీన్ని తేల్చే ఒక్క పరీక్ష అంటూ లేదు. ముందు నొప్పి, కిడ్నీ, షుగరు, థైరాయిడ్, చూపు, వినికిడి, బీపీ ఇవన్నీ చూసి పక్కన పెట్టాకే ఇటు వస్తారు. నొప్పీ, ఈ జబ్బూ రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. మందు ఉంది, సెలెజిలిన్ అని, కొన్నిటికి బాగా పనిచేస్తుంది, కొన్నిటికి అంతగా చెయ్యదు. వాడుతున్న మిగతా మందులన్నీ డాక్టరుకి చెప్పాలి, కొన్నిటితో అది పడదు.

మందుకంటే మా ఇంట్లో ఎక్కువ పనిచేసినవి చిన్న చిన్న మార్పులే. నడవాలో రాత్రంతా చిన్న లైటు. సామాన్లు ఉన్నచోటు నుంచి కదపకపోవడం. ఆ తలుపు వెనక మూలలో ఒక అట్టపెట్టె పెట్టేశాం, దూరడానికి చోటే లేకుండా. సాయంత్రం వాసన చూసి వెతుక్కునే ఆట ఆడించేవాళ్లం, పాత తువ్వాలులో నాలుగు గింజలు మడిచిపెట్టి ఇస్తే ముక్కుతో తోసుకుంటూ, ఒక్కో మడత విప్పుకుంటూ ఎంతసేపు కూర్చునేదో! ముక్కు బాగా పనిచేసిన రోజు రాత్రి నిద్ర కూడా బాగా పట్టేది. పగలు మరీ ఎక్కువసేపు పడుకోనివ్వకండి, కాసేపు వెలుతురులోకి తీసుకెళ్లండి.

కోప్పడొద్దు. రాత్రి పూట నిద్ర చెడినప్పుడు మనకి విసుగొస్తుంది, కానీ అది కావాలని చేసేది కాదు. గట్టిగా అరిస్తే కంగారు ఇంకా పెరిగి ఇంకా తిరుగుతాయి.

ఇంకో మాట, నీళ్లు ఎంత తాగుతున్నాడో గమనించండి. ఎక్కువ తాగి, ఒంటికి రావడం వల్ల లేస్తున్నాడేమో కూడా చూడాలి.

గవ్వ:

కళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. నీలంగా, పొగలా ఉండి, వెనక ఇంకా నల్లగా కనిపిస్తుంటే అది చాలావరకు కంట్లోని కటకం (లెన్స్) వయసుతో గట్టిపడటం, ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కల్లో సర్వసాధారణం, చూపు పెద్దగా తగ్గదు. తెల్లగా, పాలలా మూసుకుపోతే శుక్లం. తేడా డాక్టరు లైటు వేసి చూస్తే తెలిసిపోతుంది. కన్ను ఎర్రబడినా, పెద్దదైనట్టు కనిపించినా, తెరవలేకపోతున్నా మాత్రం ఆరోజే వెళ్లాలి, రేపటిదాకా ఆగకూడదు.

పిలిస్తే పలకట్లేదన్నారు కదా, వినికిడి తగ్గి ఉంటే చేతి సైగలు నేర్పండి, ఈ వయసులో కూడా నేర్చుకుంటాయి. నిద్రలో ఉన్నప్పుడు వెనకనుంచి వెళ్లి తట్టకండి, ఉలిక్కిపడి కరిచే ప్రమాదం ఉంది. ముక్కు దగ్గర చెయ్యి పెడితే వాసనకి మెల్లగా లేస్తాడు. లేదా పడక పక్కన నేల మీద మెల్లగా తట్టండి, అదురు తెలుస్తుంది.

వానచినుకు:

అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. వీడియోలు తీసుకుని వెళ్లాం. డాక్టరు గారు లేచే వీడియో ఒకటికి రెండుసార్లు చూశారు. ఎక్స్‌రేలో రెండు తుంట్లూ అరిగినట్టు, నడుము దగ్గర కూడా ఎముకలు పెరిగినట్టు తేలింది. రక్తంలో కిడ్నీ, కాలేయం, షుగరు అన్నీ బాగానే ఉన్నాయన్నారు. కార్ప్రొఫెన్ మొదలుపెట్టాం, బరువు తగ్గించమన్నారు. చాపలు పరిచాం, గోళ్లు తీయించాం.

తేడా కనపడుతోందండీ. నిన్న రాత్రి ఒకసారి చుట్టూ తిరిగి, నేరుగా కాళ్లు మడిచి పడుకున్నాడు. అంతసేపు కదలకుండా పడుకుంటే నాకే భయమేసి లేచి చూశాను, పొట్ట చక్కగా ఎగసి పడుతోంది. మూలలోకి వెళ్లడం మాత్రం పూర్తిగా పోలేదు, దాన్ని ఇంకొన్నాళ్లు చూసి చెప్తామన్నారు. నల్లముక్కు గారి అట్టపెట్టె సలహా పాటించాం.

ఇంకా రెండు సందేహాలు. వాకింగ్‌లో సగం దూరం వెళ్లాక ఆగిపోతున్నాడు, లాగాలా, ఎత్తుకు రావాలా? రెండోది, ఈ మందు చాలాకాలం వాడాలంటున్నారు, ఇంట్లో నేను ఏం గమనిస్తూ ఉండాలి?

పెరటిజాజి:

చాలా సంతోషంగా ఉందండీ ఇది చదివి!

లాగొద్దు. ఒకే పెద్ద నడక బదులు రోజుకి మూడు నాలుగు చిన్న నడకలు చేయండి, వాడు ఆగేచోటు కంటే ముందే మీరు వెనక్కి తిరగండి. మొత్తానికి మానేయకండి, కదలకపోతే కండ కరిగిపోయి కీళ్ల మీద భారం ఇంకా పెరుగుతుంది. దూరం ముఖ్యం కాదు, ఒకే చెట్టు దగ్గర పది నిమిషాలు వాసన చూస్తానంటే చూడనివ్వండి, ఆ వాసన్లలోనే వాడికి లోకమంతా తెలుస్తుంది. మెడ పట్టీ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. మెట్ల దగ్గర ఒక తువ్వాలు పొట్ట కింద, వెనక కాళ్లకి కాస్త ముందుగా పోనిచ్చి రెండు కొసలూ పైన పట్టుకుంటే నడుముకి ఆసరాగా ఉంటుంది. పూర్తిగా ఎత్తేయకండి, వాడి బరువు కొంత వాడే మోయాలి.

ఉత్తరగాలి:

మందు సంగతి నేను చెప్తాను. తిండితోపాటే ఇవ్వండి. వాంతులు, విరేచనాలు, తిండి మీద అయిష్టం, మలం తారులా నల్లగా రావడం, కళ్లు గానీ చిగుళ్లు గానీ పచ్చబడటం, ఇందులో ఏ ఒక్కటి కనపడినా తర్వాతి మోతాదు ఆపేసి డాక్టరుకి ఫోన్ చేయండి. వేరే ఏ కారణానికైనా ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే కార్ప్రొఫెన్ వాడుతున్నట్టు ముందే చెప్పండి, ముఖ్యంగా దురదకో అలర్జీకో స్టెరాయిడ్ రాయబోతున్నప్పుడు, రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడే ప్రమాదం బాగా పెరుగుతుంది. రక్తపరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించాలో మీ డాక్టరుని అడిగి తారీకు రాసిపెట్టుకోండి, కుక్క హుషారుగా ఉంది కదా అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. నమిలే మాత్రలైతే డబ్బా వాడికి అందనిచోట పెట్టండి, రుచిగా ఉంటాయి, దొరికితే డబ్బా మొత్తం తినేస్తాడు.