సక్కర్ ఫిష్‌ని తెలుగులో ఏమనాలి?

అమలాపురం నుంచి: బడి పిల్లల కోసం సముద్ర జీవుల మీద వ్యాసం తయారవుతోందండీ. అందులో సక్కర్ ఫిష్‌కి "జలగచేప" అని పెట్టారు. సరిపోతుందా? మన చెరువుల్లో పడే దెయ్యం చేపని కూడా సక్కర్ ఫిష్ అనే అంటున్నారు కదా.

కాకినాడ నుంచి: ముందు ఆ రెండిటినీ విడదీయాలండి. చెరువుల్లోది అక్వేరియాల కోసం తెచ్చిన దక్షిణ అమెరికా చేప. ఒళ్ళంతా గట్టి పెంకు, నోరు కింది వైపు. ఆ నోటితోనే కరుచుకుని పాచి గీక్కుతింటుంది. సొరచేపల్నీ తాబేళ్ళనీ పట్టుకు తిరిగేది రెమోరా. దాని పట్టు నోట్లో లేదు, నడినెత్తిన ఉంది.

"జలగ" మాత్రం వద్దు. జలగ నెత్తురు తాగుతుంది, రెమోరా తాగదు. మోసే జీవి ఒంటిమీది పరాన్నజీవుల్నీ, అది తినగా రాలిన తునకల్నీ తింటుంది. పేరులోనే తప్పు పెడితే పిల్లలకి అదే గుర్తుండిపోతుంది.

యానాం నుంచి: ఆ నెత్తిమీది బిళ్ళ అసలు వీపు మీది మొదటి రెక్కేనండి. రెక్కలోని ముళ్ళు రెండు పక్కలకీ విచ్చుకుని అడ్డపలకల జతలయ్యాయి. ఎకెనిస్ నాక్రేటిస్ అనే పొడుగు రకంలో 18 నుంచి 28 జతలుంటాయి. చుట్టూ మెత్తని కండ అంచు. ఆ అంచు చర్మానికి ఆనాక కండరాలు పలకల్ని లేపుతాయి. లోపల చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, బయటి నీరు బిళ్ళని అదిమిపెడుతుంది. పలకల మీది సన్నటి ముళ్ళు సొర గరుకు చర్మంలో తగులుకుని జారనివ్వవు. కాబట్టి "పీల్చు" అంటే సగమే నిజం. "అతుకు" అసలు కుదరదు, అక్కడ జిగురే లేదు.

అమలాపురం నుంచి: "వెనక్కి గట్టిగా లాగితే ఊడుతుంది" అని కూడా రాశారండీ.

యానాం నుంచి: అది తప్పక మార్చాలి. తోకవైపు లాగితే పలకలు ఇంకా లేచి పట్టు బిగుస్తుంది. సొర ముందుకి ఈదినప్పుడు నీరు రెమోరాని వెనక్కి నెట్టడం వల్లే అది ఊడిరాదు. విడిపించాలంటే తలవైపుకి, ముందుకి జరపాలి. తనంతట తాను వదిలేటప్పుడూ అది ముందుకే కదులుతుంది.

కాకినాడ నుంచి: మరి "పట్టుచేప" అందామా?

అమలాపురం నుంచి: పట్టుచీర, పట్టుపురుగు తెలిసిన పిల్లలు ఇంకోలా అర్థం చేసుకుంటారండీ.

కాకినాడ నుంచి: నిజమే. "ఉడుంపట్టు చేప" అనండి, ఎవరూ పొరబడరు. బిళ్ళకి "పట్టుబిళ్ళ" చాలు, పక్కన బొమ్మ ఉంటుంది కాబట్టి.

యానాం నుంచి: నాకూ సమ్మతమే. పుట్టగానే పట్టుకుంటుందని మాత్రం రాయకండి. సుమారు 1 సెంటీమీటరు పొడవప్పుడు బిళ్ళ కనిపించడం మొదలై, 3 సెంటీమీటర్లకి పూర్తిగా తయారవుతుంది. బొమ్మ కూడా ఒకసారి చూడండి. తాబేలు పొట్టకింద పట్టుకున్నట్టు గీస్తే, రెమోరా వీపు పైకి, తాబేలు వైపుకే ఉండాలి.