నేపాలీ రూమ్మేట్ విదేశాల్లో బిజినెస్ మాస్టర్స్: డబ్బు ఎలా సర్దాలి?

అందరికీ నమస్కారం. నా రూమ్మేట్ పోఖరా అబ్బాయి. హైదరాబాద్‌లో బీబీఏ చేసి, మూడేళ్లుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడు మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్‌కి జర్మనీయో, యూకేనో వెళ్లాలంటున్నాడు.

మనవాళ్లకైతే ఏ బ్యాంకుకి వెళ్లాలో చెప్పగలను, నేపాల్ సంగతులే తెలియవు. ఫీజు డబ్బు బయటికి పంపాలంటే ముందు కాఠ్మాండూలో విద్యాశాఖ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చుకోవాలట. లోన్‌కి వాళ్ల నాన్న పేరు మీదున్న లాల్‌పుర్జా, అంటే భూమి పట్టా, తాకట్టు పెట్టాలి. మొన్న రాత్రి దాని ఫొటో ఫోన్‌లో చూపించి, "ఉన్నది ఇదొక్కటే భాయ్" అన్నాడు. అప్పటినుంచి నాకూ టెన్షనే.

జర్మనీ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు తక్కువే కానీ, ఎంబీఏకి మాత్రం గట్టిగానే గుంజుతారు. యూకేకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ ఉంది, దానికి కావాల్సిన రెండేళ్ల అనుభవం వీడికి ఉంది. వస్తే అదృష్టమే, దాన్నే నమ్ముకుని కూర్చోలేం కదా.

నేపాలీ స్నేహితులున్నవాళ్లు చెప్పండి: ఇండియాలో డిగ్రీ చేసినవాళ్లకి ఎన్‌ఓసీకి అదనంగా ఏం కాగితాలు అడుగుతారు? పొలం తాకట్టు లేకుండా లోన్ దొరికే దారి ఏమైనా ఉందా? దయచేసి కన్సల్టెన్సీ నంబర్లు మాత్రం ఇవ్వకండి, ఒకచోట ఇప్పటికే అడ్వాన్స్ పోగొట్టుకున్నాడు.