ఫిగర్ స్కేటింగ్ పోటీ నేరుగా చూడాలంటే ఏ పోటీ, ఏ ఊరు, ఏ సీటు?

బ్రాడీపేట_రెండోలైను (గుంటూరు):

ఇన్నాళ్లూ ఫోన్లోనే చూశాం, ఒక్కసారైనా స్టేడియంలో కూర్చుని చూడాలని ఉంది. ఇద్దరం వెళ్తాం. వరల్డ్స్‌కే, అంటే ప్రపంచ చాంపియన్‌షిప్‌కే వెళ్లాలా, చిన్న పోటీ సరిపోతుందా? సీటు ఏ వైపు తీసుకోవాలి? లోపల చలి ఎంత? గుంటూరు ఎండకి అలవాటైన ఒళ్లు మరి.

ఇంకో సందేహం. అమరావతి ప్లాన్లో క్రీడానగరం ఉంది కదా, ఇలాంటి పోటీ మన దగ్గర పెట్టాలంటే ఏమేం కావాలి? ఎగతాళి చేయకండి, నిజంగానే అడుగుతున్నా.

పటమట_లట్జ్:

ముందు క్యాలెండర్ పట్టుకోండి, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. సీజన్ జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో జూనియర్ గ్రాండ్ ప్రి, చాలెంజర్ పోటీలు మొదలవుతాయి. అక్టోబరు, నవంబరుల్లో సీనియర్ గ్రాండ్ ప్రి: అమెరికా, కెనడా, ఫ్రాన్స్, జపాన్, చైనా, ఫిన్లాండ్, మొత్తం ఆరు. డిసెంబరులో ఫైనల్. జనవరిలో యూరోపియన్, ఆ చుట్టుపక్కలే యూరప్ బయటి దేశాలవాళ్ల ఫోర్ కాంటినెంట్స్, మార్చిలో వరల్డ్స్.

మొదటిసారికి వరల్డ్స్ వద్దంటాను. ఫ్రీ స్కేట్‌కి, అంటే రెండో పెద్ద ప్రదర్శనకి, సింగిల్స్‌లో 24 మంది వస్తారు. ఒక్కొక్కరు ఆడేది 4 నిమిషాలే కానీ మార్కులు వచ్చి తర్వాతి మనిషి ఐసు మీదికి దిగేసరికి 8 నిమిషాలు పడుతుంది. పైన ఆరుగురికొకసారి 6 నిమిషాల వార్మప్, మధ్యలో ఐసు సాపు చేసే బండి కనీసం ఒకసారి. అంటే నాలుగు గంటలు. దానికి ముందు జరిగే చిన్న ప్రదర్శన, షార్ట్ ప్రోగ్రాంకి 30 మందికి పైగా దిగుతారు, అది ఇంకా పొడుగు. రోజుకి అలాంటివి రెండు సెషన్లుంటే మూడో రోజుకి చప్పట్లు కొట్టే ఓపిక కూడా ఉండదు. గ్రాండ్ ప్రిలో సింగిల్స్‌కి 12 మందే, జంటలు 8, ఐస్ డాన్స్ 10. రెండు మూడు రోజుల్లో అందర్నీ తృప్తిగా చూసి రావచ్చు.

ఒక్క జాగ్రత్త. గ్రాండ్ ప్రిలో ఒక స్కేటర్‌కి ఇచ్చేది గరిష్ఠంగా రెండు పోటీలు. ఎవరు ఎక్కడ ఆడతారో ఎండాకాలం దాటాక జాబితా వస్తుంది, గాయాల వల్ల చివరి వారం దాకా పేర్లు మారుతూనే ఉంటాయి. పేరు చూసి టికెట్ కొన్నవాళ్లే ఎక్కువగా బాధపడేది. పోటీని చూసి కొనండి.

ఖర్చు తగ్గాలంటే జూనియర్ గ్రాండ్ ప్రి. 2023లోనూ 2024లోనూ ఒక పోటీ బ్యాంకాక్‌లో జరిగింది. సింగిల్స్‌లో 13 ఏళ్లు నిండి 19 నిండని పిల్లలు. చిన్న స్టేడియం కాబట్టి మొదటి వరసలో కూర్చుంటే బ్లేడు ఐసును కోసే చప్పుడు వినిపిస్తుంది, పెద్ద స్టేడియంలో ఎంత డబ్బు పెట్టినా అది దొరకదు. సీనియర్ కనీస వయసు 2024–25 నుంచి 17కి పెరిగింది. కాబట్టి ఇదివరకు సీనియర్లలో కనిపించే 15, 16 ఏళ్ల గట్టి పిల్లలంతా ఇప్పుడు జూనియర్లలోనే ఉన్నారు. చిన్న పోటీ కదా అని తీసిపారేయకండి.

ఇక ఊరు. మ్యాప్‌లో నేను చూసేది రెండే: స్టేడియం నుంచి రైలు స్టేషన్ ఎంత దూరం, ప్రాక్టీసు రింకు ఎక్కడ. సాయంత్రం సెషన్ రాత్రి పదీ పదకొండు దాకా సాగుతుంది, ఆ తర్వాత బస్సు దొరకని చోట హోటల్ తీసుకుంటే టాక్సీలకే సగం డబ్బు పోతుంది. 2019, 2023 వరల్డ్స్ జరిగిన సైతామా సూపర్ అరీనా స్టేషన్ పక్కనే. 2025లో బోస్టన్ టీడీ గార్డెన్ కింద రైల్వేస్టేషనే ఉంది. 2026కి తీసుకున్న ప్రాగ్ ఓ2 అరీనాకి మెట్రో బీ లైను. 2027 వరల్డ్స్ ఇచ్చిన టాంపెరేలో నోకియా అరీనాని రైలు పట్టాల మీదే కట్టారు. 2022లో మాంపెలియే మాత్రం వేరు, ఆ అరీనా ఊరి బయట విమానాశ్రయం దగ్గర. అలాంటి చోట ఊరి నడిబొడ్డు హోటల్ కంటే అరీనా దగ్గరి సాదా గదే మేలు.

కృష్ణలంక_సీటుబెల్టు:

సీటు సంగతి నేను చెప్తాను, ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే.

రింకు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అమెరికా, కెనడాల్లోని పెద్ద హాకీ స్టేడియాల్లో వెడల్పు 26 మీటర్ల దగ్గరే ఉంటుంది. జడ్జీలు ఒక పొడవు వైపున కూర్చుంటారు. ప్రోగ్రాం అంతా వాళ్ల మొహాన్నే చూస్తూ కడతారు కాబట్టి జడ్జీల వెనక, పైన కూర్చుంటే స్కేటర్ మొహం మీకూ కనిపిస్తుంది. ఎదురు వైపు కూర్చుంటే చాలాసార్లు వీపే. ఆ వైపు టికెట్ చవగ్గా ఉంటే మాత్రం బాధపడొద్దు, కాళ్ల పని చూడ్డానికి అదేమీ తక్కువ కాదు.

ఎత్తు ఇంకా ముఖ్యం. మొదటి నాలుగైదు వరసల్లో వేగం ఒంటికి తగులుతుంది, నిజమే. కానీ అంత కింద నుంచి ఐసు గీతలా కనిపిస్తుంది. అడుగుల వరసలో గీసే వంపులు, జంప్ ఎంత దూరం దూకారన్నది తెలియదు. పదో వరస నుంచి ఇరవయ్యో వరస దాకా తీసుకోండి. పూర్తిగా పైఅంతస్తు మాత్రం వద్దు, అక్కడ నడినెత్తులే కనబడతాయి.

పొట్టి వైపు సీట్లలో ఒకదాని దగ్గర స్కేటర్లు మార్కుల కోసం కూర్చునే చోటు ఉంటుంది. మొహాలు చూడాలనుకునే అభిమానులకి అది ఇష్టం. నాకైతే దండగ.

టికెట్లు సాధారణంగా మొదట అన్ని సెషన్లకీ కలిపి పాసులా వస్తాయి, తర్వాతే విడిగా. ఇద్దరికీ పాసు భారమైతే ఫ్రీ స్కేట్లు ఉన్న రోజులు తీసుకోండి. షార్ట్‌లో మొదటి ఆరు స్థానాల్లో నిలిచినవాళ్లు ఫ్రీలో చివరి గుంపులో దిగుతారు, అసలు పోటీ అంతా ఆ గంటలోనే. ప్రాక్టీసు టికెట్ విడిగా అమ్మితే వదలకండి, ధర తక్కువ. ఒక్కొక్కరి పాటా వంతులవారీగా వేస్తారు, పడిన జంప్‌నే పదిసార్లు ప్రయత్నిస్తారు. జపాన్‌లో పోటీ అయితే టికెట్లు తరచుగా లాటరీలో వేస్తారు, అక్కడి ఫోన్ నంబరు అడిగే సైట్లు ఎక్కువ. విదేశీయులకి వేరే అమ్మకం పెట్టారేమో ముందే చూసుకోండి, దొరకలేదని మధ్యవర్తుల చేతిలో పడొద్దు.

అరండల్‌పేట_అంచు:

సీటుబెల్టు గారూ, మూలని పూర్తిగా వదిలేశారు. జంపులు నేర్చుకోవాలనుకునేవాళ్లకి మూలే బంగారం.

లట్జ్ అనే జంప్‌ని చాలామంది రింకు మూలలోనే ఎత్తుకుంటారు. వెనక్కి జారుతూ పెద్ద వంపు తీసుకుని, ఎడమకాలి బయటి అంచు మీద నిలబడి, కుడికాలి మునివేళ్ల దగ్గరి పళ్లను ఐసులో దించి లేస్తారు. ఫ్లిప్ అనే జంప్ కూడా అచ్చం అంతే, తేడా అంచుది: ఎడమకాలి లోపలి అంచు. ఆ బ్లేడు మందం 4 మిల్లీమీటర్లు ఉంటుందేమో, అడుగున మధ్యలో గాడి, దానికి అటూ ఇటూ ఒక్కో అంచు. లేచే ముందు ఆఖరి క్షణంలో చీలమండ లోపలికి వాలిందంటే లట్జ్ కాస్తా ఫ్లిప్ అయినట్టే, ఏ జంప్ ఎలా వేశారో తేల్చే టెక్నికల్ ప్యానెల్ తప్పు అంచు గుర్తు పెడుతుంది, మార్కులు కోస్తారు. టీవీలో మూడోసారి స్లో మోషన్ వేస్తేగానీ తెలియని ఈ సంగతి మూలలో, వీపు వెనక నుంచి, మామూలు వేగంలోనే కనిపిస్తుంది. జడ్జీల వైపే కావాలంటే ఆ వైపు చివరి బ్లాకు తీసుకోండి, రెండూ కలిసొస్తాయి.

కళ్లకి అలవాటు కావాలంటే ముందు మన చక్రాల ఆర్టిస్టిక్ స్కేటింగ్ పోటీలు చూడండి. ఇవే జంపులు, టో లూప్‌ని మాత్రం అక్కడ మేప్స్ అంటారు. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అందులోనే రెండు కాంస్యాలు తెచ్చాడు. ఐసు మీద మన దేశం తరఫున చూడాలంటే ఫోర్ కాంటినెంట్స్‌లో తారా ప్రసాద్ ఆడుతూ వచ్చింది.

గవర్నరుపేట_సూట్‌కేస్:

వీసా, చలి, తిండి. ఈ మూడే ట్రిప్పును చెడగొట్టేవి.

యూరప్ పోటీ అయితే షెంగెన్ వీసా. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల లోపు పడితే తీసుకోరు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, కొన్ని 45 రోజులు కూడా లాగుతాయి. మార్చి పోటీకి డిసెంబరులోనే వేసేయండి. పెద్దలకి ఫీజు 90 యూరోలు, సెంటర్ వాళ్ల చార్జీ వేరు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్ట్ పదేళ్ల లోపు జారీ అయినదై, తిరిగొచ్చాక ఇంకో మూడు నెలలు చెల్లాలి. దరఖాస్తుతో పోటీ టికెట్ ప్రింటు జతచేయండి, ప్రయాణం ఎందుకో అదే చెబుతుంది. హోటల్ మాత్రం రద్దు చేసుకోగలిగేదే తీసుకోండి, వీసా రాకపోతే కనీసం ఆ డబ్బు మిగులుతుంది.

స్టేడియం లోపల సీట్ల దగ్గర తరచుగా 10 నుంచి 15 డిగ్రీలు. వినడానికి అంతేనా అనిపిస్తుంది. కదలకుండా నాలుగు గంటలు కూర్చుంటే పాదాల నుంచి మొదలై మోకాళ్లు బిగుసుకుంటాయి. పైకి మందపాటి కోటు ఒక్కటే వేసుకుంటే లాభం లేదు. లోపల థర్మల్, కాళ్లకి ఉన్ని సాక్సులు, కింద పరుచుకోడానికి మడతపెట్టే స్పాంజి ముక్క. చేతి తొడుగులు పల్చగా ఉండాలి, మందంవైతే చప్పట్లు వినపడవు.

యూరప్‌లోకి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి సామానులో తీసుకెళ్లకూడదు. నెయ్యి డబ్బా, పాలకోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. కందిపొడి, నూనె ఆవకాయ పర్లేదు. ఆవకాయకి రెండు కవర్లు చుట్టి చెక్-ఇన్ పెట్టెలోనే వేయండి, చేతిసంచిలో సెక్యూరిటీ వాళ్లు ఆపేస్తారు. స్టేడియంలోకి మాత్రం చాలాచోట్ల బయటి తిండి, నీళ్ల సీసా రానివ్వరు. లోపల శాకాహారం అంటే ఆలూ వేపుళ్లే అనుకోండి, సెషన్ల మధ్య బయటికొచ్చి తిని వెళ్లండి.

ఫ్లాష్ కొట్టకూడదు. స్కేటర్ మొదటి భంగిమలో నిలబడగానే నిశ్శబ్దం. పూలు విసరడం కొన్నిచోట్ల నిషేధం, అనుమతి ఉన్నా ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టినవే. ఒక్క రేకు ఐసుకి అంటుకుంటే తర్వాత వచ్చే పిల్ల బ్లేడు దాని మీదే ఆగుతుంది. అందుకే బొమ్మలు విసురుతారు.

ఆటోనగర్_కంప్రెసర్:

పోటీ మన దగ్గర పెట్టాలంటే ఏం కావాలన్న రెండో ప్రశ్నకి జవాబు నేను చెప్తాను. ఎగతాళి చేయాల్సిందేమీ లేదు, బ్యాంకాక్ మన విజయవాడ కంటే చల్లనేం కాదు.

మన ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు ఎలా కడతాయో తెలుసుగా, అమ్మోనియాతో చల్లబరిచిన ఉప్పునీళ్ల తొట్టిలో డబ్బాలు దించుతారు. రింకు కూడా అదే సూత్రం, తొట్టి బదులు కాంక్రీటు పలక. పలకలో దగ్గర దగ్గరగా పైపులు, వాటిలో చల్లని ఉప్పునీళ్లో గ్లైకాలో తిరుగుతుంది. పలక కింద ఇన్సులేషన్, దాని కింద మళ్లీ వెచ్చటి పైపులు. ఎందుకంటే కింద నేల గడ్డకడితే ఉబ్బి పలకను పగలగొడుతుంది.

నీళ్లు ఒక్కసారి పోయరు. మిల్లీమీటరు చొప్పున చిమ్మి, గడ్డకట్టించి, తెల్లరంగు వేసి, మళ్లీ చిమ్ముతారు. 60×30 అంటే 1,800 చదరపు మీటర్లు, 3 సెంటీమీటర్ల మందానికి దాదాపు 50,000 లీటర్ల నీళ్లు. రెండు మూడు రోజులు రాత్రింబవళ్లు పని. ఫిగర్ స్కేటింగ్‌కి ఐసు మైనస్ 3, 4 డిగ్రీల దగ్గర ఉంచుతారు, హాకీకి ఇంకా చల్లగా. మరీ గట్టిపడితే బ్లేడు పళ్లు దిగినచోట ఐసు పెచ్చులూడుతుంది.

మన దగ్గర అసలు శత్రువు ఎండ కాదు, తేమ. వానాకాలంలో ఇక్కడ గాలి డ్యూ పాయింట్, అంటే అందులోని తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ గాలి తలుపు సందులోంచి లోపలికొస్తే ఐసు మీద మంచుపొగ లేస్తుంది, పైకప్పుకి నీళ్లు పట్టి బొట్లు బొట్లుగా కిందపడతాయి. పడిన ప్రతి బొట్టూ గడ్డకట్టి చిన్న బొడిపె. గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో వచ్చే బ్లేడుకి అది రాయితో సమానం. అందుకే చిల్లర్ ఎంత ముఖ్యమో తేమ లాగే యంత్రం అంతే ముఖ్యం, జనం వచ్చే దారికి రెండు వరసల తలుపులు కావాలి. జనం కూడా వేడే. మనిషికి 100 వాట్లు వేసుకున్నా 8,000 మందికి 800 కిలోవాట్లు, అంటే ఇంట్లో వాడే ఒకటిన్నర టన్నుల ఏసీలు నూట యాభై నడిపినంత. ఇది ఐసు లెక్క కలపకుండా.

కాగితాల వైపు చూస్తే, అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ పోటీని ఇచ్చేది ఊరికో రాష్ట్రానికో కాదు, దేశ సమాఖ్యకి. మన తరఫున ఐస్ స్కేటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అడగాలి. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం హిమాద్రి రింకు కట్టారు, తర్వాత ఏళ్ల తరబడి మూతపడింది. మళ్లీ తెరిచాక 2025 ఆగస్టులో ఆసియా ఓపెన్ షార్ట్ ట్రాక్ పెట్టారు. కాబట్టి కట్టడం కంటే నడపడం కష్టం. కరెంటు బిల్లు పోటీ అయిన వారంతో ఆగదు. రోజూ పిల్లలు వచ్చి నేర్చుకునే రింకు ఉంటేనే పోటీ అడగాలి, ముందు జాతీయ పోటీ, ఆ తర్వాత జూనియర్ గ్రాండ్ ప్రి. వరల్డ్స్ మాట ఇప్పుడొద్దు.

బ్రాడీపేట_రెండోలైను:

అందరికీ థాంక్సండీ. జూనియర్ గ్రాండ్ ప్రి ఈసారి ఎక్కడెక్కడ ఇచ్చారో చూసి దగ్గరిదానికే వెళ్తాం, మూల బ్లాకులో. కంప్రెసర్ అన్నా, మరి మన విజయవాడ దండమూడి ఇండోర్ స్టేడియంలో తాత్కాలికంగా ఐసు వేస్తే?

ఆటోనగర్_కంప్రెసర్:

టేపు పట్టుకెళ్లి కొలవండి తమ్ముడూ. ఐసుకి 60×30, చుట్టూ చెక్క గోడ, దాని వెనక జడ్జీల బల్లలకీ నడవడానికీ కనీసం మూడు నాలుగు మీటర్లు. అంటే స్తంభం లేని నేల 67×37 దాకా ఉండాలి. అది ఉంటే తర్వాత చూడాల్సింది నేల ఎంత బరువు మోస్తుందన్నది. 3 సెంటీమీటర్ల ఐసే దాదాపు 50 టన్నులు, సాపు చేసే బండి నీళ్లతో కలిపి ఇంకో నాలుగైదు టన్నులు. చెక్క ఫ్లోరింగ్ అయితే దాని మీద వేయొద్దు, విప్పాల్సిందే.