అప్‌డేట్: పెద్దపేగు తీసేయాలన్నారు, ఇప్పటికైతే తీయలేదు

మూడు నెలల కిందట అడిగాను కదా: 12 ఏళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొరకు వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు), కడపలో చేసిన బయాప్సీలో (పేగు ముక్క తీసి చేసే పరీక్ష) 'లో గ్రేడ్ డిస్‌ప్లేసియా' (ముందుముందు క్యాన్సర్‌గా మారే అవకాశమున్న కణాల మార్పు, తక్కువ స్థాయిది), పెద్దపేగు మొత్తం తీసేయాలంటున్నారు, ఏం చేయాలి అని.

ఆ బయాప్సీ ముక్కల స్లైడ్లు, మైనపు బ్లాకులు ల్యాబ్ నుంచి అడిగి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకు (ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి చెప్పే డాక్టరు) చూపించమన్నవాళ్లకు దండం. రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లాం. అక్కడి డాక్టరు ముందు పేగువాపు తగ్గాలన్నారు. వాపు ఎక్కువగా ఉంటే మామూలు కణాలు కూడా డిస్‌ప్లేసియాలా కనిపించొచ్చట. మందులు మార్చి, తగ్గాక మళ్లీ కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం) చేశారు. ఈసారి పేగు లోపల నీలం రంగు డై చల్లి చూశారు. దాంతో అంచులు స్పష్టంగా తేలాయి: సెంటీమీటరు కూడా లేని చిన్న ఉబ్బు. స్కోపుతోనే మొత్తం తీసేశారు. చుట్టూ తీసిన ముక్కల్లో ఏమీ లేదు. ఇద్దరు పాథాలజిస్టులూ లో గ్రేడ్ అనే చెప్పారు.

హై గ్రేడ్ (ఎక్కువ స్థాయి మార్పు) అయ్యి, స్కోపుతో పూర్తిగా తీయలేనిదైతే ఆపరేషనే అనేవారట. కాబట్టి మొదటి డాక్టరు మాట ఉత్తదని నేననను. నా కోపమల్లా వేరే: జబ్బు మొదలైన 8 ఏళ్లకే ఈ నిఘా కొలనోస్కోపీలు (ఇలాంటి మార్పుల్ని ముందే పట్టుకోడానికి అప్పుడప్పుడు చేసేవి) మొదలుపెట్టాలని నాకెవరూ చెప్పలేదు.

పేగు శుభ్రం చేసే ఆ ఉప్పు నీళ్లు మాత్రం పగవాడికి కూడా వద్దు. ఆ రాత్రంతా సంగటి, ఊరుబిండే కళ్లముందు!

మళ్లీ 6 నెలలకు రమ్మన్నారు. పేగువాపు తగ్గించే మెసాలమైన్ మందు ఆపొద్దన్నారు.