మా తమ్ముడి నత్తి మీద జోక్ వేయడం తప్పా, కాదా?

అడిగినవారు:
పోయిన శనివారం బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక తెలుగు స్టాండప్ షోకి మా తమ్ముణ్ని తీసుకెళ్లాను. వాడికి చిన్నప్పటి నుంచి నత్తి. ముందు వరుసలో కూర్చున్నాం. కమెడియన్ వాడి పేరు అడిగితే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. అతను మైకులో ఆ అక్షరాన్నే సాగదీసి, "నెట్‌వర్క్ లేదా బ్రో?" అన్నాడు. హాలంతా నవ్వింది. మావాడూ నవ్వాడు. తిరిగి వైట్‌ఫీల్డ్ వచ్చేదాకా మెట్రోలో ఒక్క మాట మాట్లాడలేదు. మీరైతే ఏమంటారు?

మొదటి జవాబు:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఇదీ తప్పు, అదీ తప్పు అంటూ పోతే స్టేజీ మీద ఇంకేం మిగులుతుంది? స్టాండప్ కమెడియన్ మునావర్ ఫారూఖీ 2021లో ఇండోర్‌లో అరెస్టై నెలకు పైగా జైల్లో ఉన్నాడు. అదే ఏడాది నవంబరులో ఇక్కడ బెంగళూరులో అతని షో పోలీసులు వద్దనడంతో ఆగిపోయింది. అన్నీ ‘మా మనసు నొచ్చింది’ అనే మాటతోనే మొదలవుతాయి. నచ్చకపోతే వెళ్లకుండా ఉండొచ్చు కదా?

అడిగినవారు:
తమ్ముడూ, ఆ షో ఆపడం అన్యాయమే. నేను కేసు పెట్టమనడం లేదు. 2025 ఆగస్టులో, వైకల్యం ఉన్నవాళ్ల మీద జోకులు వేశారని సమయ్ రైనాతో పాటు కొందరు కమెడియన్లను సుప్రీంకోర్టు క్షమాపణ చెప్పమంది. కోర్టు చెప్పించే క్షమాపణతో మావాడికి ఒరిగేదేమీ లేదు.

నా గొడవ వేరే. మంత్రి మీద జోక్ వేస్తే ఆయన మర్నాడు మైకు ముందుకొచ్చి జవాబు చెప్పగలడు. మావాడి చేతికి మైకు ఇచ్చినా, వాడు మాట పూర్తి చేసేలోపు రెండో జోక్ అయిపోతుంది. అందరితో కలిసి నవ్వడం తప్ప వాడికి దారి లేదు.

నత్తి గురించి అసలు మాట్లాడొద్దని కూడా అనను. ఓసారి కోరమంగళ ఓపెన్ మైక్‌లో నత్తి ఉన్న అబ్బాయే స్టేజీ ఎక్కాడు. గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ చేస్తే, తను పేరు చెప్పేలోపే "హలో, హలో" అని పెట్టేస్తారట. మూడోసారి వాళ్లే "మీ పేరు ఇదేనా?" అని ఎవరిదో పేరు చెప్పి సిలిండర్ బుక్ చేసేశారట. మా తమ్ముడు కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ రోజు నవ్వు పడింది నత్తి మీద కాదు, రెండు క్షణాలు ఆగలేనివాళ్ల మీద.

రెండో జవాబు:
నేనూ ఓపెన్ మైక్ చేస్తాను అన్నా. జనంతో మాట కలిపేటప్పుడు చాలా టెన్షన్‌గా ఉంటుంది, నోటికి ఏదొస్తే అది అనేస్తాం. నేనూ ఒకావిడను అలా నొప్పించాను. షో అయ్యాక వెళ్లి మాట్లాడాల్సింది, వెళ్లలేదు. మీరు ఆ కమెడియన్‌కి ఒక మెసేజ్ పెట్టండి.

అడిగినవారు:
నేను పెడతానంటే మావాడు వద్దన్నాడు చెల్లీ. రాత్రి కూర్చుని తనే రాశాడు. ‘పేరు అడిగారు కాబట్టి చెబుతున్నాను’ అని మొదలుపెట్టి, పేరు రాసి పంపాడు. ఇంకా జవాబు రాలేదు.