గవర్నమెంట్ బడి మంచిదా కాదా అన్నది జిల్లా పేరు చూసి చెప్పేయొచ్చా?

గుంటూరు టు వైజాగ్:
అందరికీ నమస్తే అండి. మా వారికి ట్రాన్స్‌ఫర్ అయ్యి ఈ జూన్‌లో వైజాగ్ వచ్చాం, మధురవాడ వైపు అద్దెకి దిగాం. పాప ఆరో తరగతి, బాబు మూడు. గుంటూరులో ఇద్దరూ గవర్నమెంట్ బడే, నాకే ఇబ్బందీ అనిపించలేదు. ఇక్కడా అలాగే వేద్దామంటే ఇంటి ఓనర్ ఆంటీ నుంచి మా ఆడపడుచు దాకా ఒకటే మాట, "ఉత్తరాంధ్ర వెనకబడిన ప్రాంతం, ఇక్కడి గవర్నమెంట్ బళ్ళు మన గుంటూరు కృష్ణాలో లాగా ఉండవు" అని. మా ఆడపడుచైతే ఇంకో మెట్టు ఎక్కి, సీమ వాళ్ళకీ ఏజెన్సీ వాళ్ళకీ చదువు మీద అసలు ధ్యాసే ఉండదు, టీచర్లు కూడా అలాగే తయారవుతారు అంటుంది. నిజంగా అంత తేడా ఉంటుందా? పిల్లల్ని వేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సీతమ్మధార నాన్న:
ప్రాంతం సంగతి పక్కన పెట్టండి, నేనైతే వద్దనే చెప్తా. మా వాడిని రెండేళ్ళు సిటీలోనే ఒక బడిలో వేశాను. బళ్ళు బాగుచేసే నాడు-నేడు పథకం డబ్బులతో బిల్డింగ్ అదిరిపోయింది, టాయిలెట్లు, టైల్స్, గ్రీన్ బోర్డు, ఫ్యాన్లు అన్నీ ఉన్నాయి. తొమ్మిదో తరగతి మధ్యలో లెక్కల టీచర్ ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోయారు, ఆ పోస్టులోకి ఏడాది చివరిదాకా ఎవరూ రాలేదు, ఆటలు నేర్పే పీఈటీ సారే లెక్కల పీరియడ్‌లో కూర్చుని పిల్లల చేత నోట్సు ఎక్కించేవారు. ఆయన తప్పు కాదు పాపం. కానీ నా కొడుక్కి ఆల్జీబ్రా రాకుండానే పదికి వచ్చేశాడు కదా. పైగా రూల్స్ ఏడాదికోసారి మారిపోతాయి, 2022లో జీవో 117 అని 3, 4, 5 క్లాసులు తీసుకెళ్ళి హైస్కూళ్ళలో కలిపారు, 2025లో మళ్ళీ అది తీసేశారు. మధ్యలో నలిగేది పిల్లలే. అప్పు చేసైనా ప్రైవేటులో వేయండి అంటాను.

కొండమీద టీచరమ్మ:
గుంటూరు చెల్లెమ్మకి ముందు ఒక మాట. నేను ఎస్జీటీగా, అంటే ప్రైమరీ టీచర్‌గా, పాడేరు ఏజెన్సీలో తొమ్మిదేళ్ళు చేశాను, ఇప్పుడు సిటీ అంచున చేస్తున్నాను, రెండూ చూసిన కళ్ళతో చెప్తున్నా, జిల్లా పేరుతో బడి నాణ్యత తేల్చేయడం శుద్ధ తప్పు.

పదో తరగతి ఫలితాలు చూడండి. పార్వతీపురం మన్యం జిల్లా అంటే చాలామందికి కొండలు, ఏనుగులు తప్ప ఏమీ గుర్తు రావు. 2023లో 87.47 శాతంతో, 2024లో 96.37తో, 2025లో 93.90తో మూడేళ్ళు వరసగా రాష్ట్రంలో ఫస్ట్ అదే. మీ గుంటూరు కాదు, మా విశాఖ కాదు. అదీగాక జిల్లా శాతంలో ప్రైవేటు బళ్ళూ కలుస్తాయి, సిటీ జిల్లాలకి ఆ సాయం ఉంటుంది, మన్యంలో ప్రైవేటు బళ్ళు బాగా తక్కువ, వాళ్ళు నెగ్గుకొచ్చింది ఎక్కువగా గవర్నమెంట్ బళ్ళు, ఆశ్రమ పాఠశాలలు, గురుకులాల మీదే. మరి ఏజెన్సీ అంతా అలాగే ఉందా అంటే, లేదు. అదే 2025లో 47.64 శాతంతో ఆఖరున ఉన్నది మా పాడేరు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇదీ కొండే, అదీ కొండే, ఇక్కడా గిరిజన పిల్లలే, అక్కడా గిరిజన పిల్లలే. మరి "ఏజెన్సీ వాళ్ళకి ధ్యాస ఉండదు" అన్న మాట ఎక్కడ నిలబడింది చెప్పండి?

నేను మొదటిరోజు బడికి వెళ్ళినప్పుడు ఒకటో తరగతి పిల్లని "నీ పేరేంటమ్మా" అని అడిగితే తల దించుకుని గౌను అంచు నోట్లో పెట్టుకుంది, మూడుసార్లు అడిగా, పలకలేదు. వెనకనుంచి ఐదో తరగతి పిల్ల ఒకతె వచ్చి వాళ్ళ కువి భాషలో ఏదో అంది, వెంటనే ఇది గట్టిగా పేరు చెప్పి పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆ పిల్లకి తెలివి లేక కాదు కదా పలకనిది, నాకు భాష రాక. ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు, ఆరేళ్ళ పిల్ల ఇన్ని మోయాలి. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 ఇచ్చారు, నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టు మాట కోర్టుది, కానీ ఆ పిల్ల భాష తెలిసిన టీచర్ ఆ గదిలో ఉండాలన్న అవసరం ఎక్కడికీ పోలేదు. నాలాంటి మైదానం టీచర్లు వెళ్ళి భాష పట్టుబడేసరికి ట్రాన్స్‌ఫర్ పాయింట్లు వచ్చేస్తాయి, కిందికి దిగిపోతాం. నేనూ దిగిపోయాను, మా అత్తగారి ఆరోగ్యం బాలేక, ఆ దిగులు ఇప్పటికీ ఉంది నాకు.

గాజువాక సీమబిడ్డ:
మాది కర్నూలు జిల్లా ఆదోని వైపు, ప్లాంటు ఉద్యోగం వల్ల ఇక్కడ సెటిలయినాం. "సీమ వాళ్ళకి ధ్యాస లేదు" అన్న మాటకి జవాబు ఇస్తా. 2024లో 62.47 శాతంతో కర్నూలు ఆఖరు, ఒప్పుకుంటా. మా దిక్కు సుగ్గి అంటారు, వానల్లేక పంట చేతికి రానప్పుడు ఊర్లకి ఊర్లు తాళాలేసుకుని వలస పోతాయి. ఎక్కడికనుకున్నారు, గుంటూరుకే, మిరపకాయలు కోయడానికి. పిల్లల్ని ఒంటరిగా వదల్లేక వెంట తీసుకపోతారు, సరిగ్గా పబ్లిక్ పరీక్షలు దగ్గరపడే రోజులే అవి. నేనూ ఏడో క్లాసులో రెండు నెల్లు మీ మిరపచేలల్లోనే ఉన్నా, చేతులు మండి రాత్రి నిద్ర పట్టేది కాదు, తిరిగొచ్చేసరికి క్లాసులో భిన్నాలు అయిపోయినాయి, ఇప్పటికీ నాకు భిన్నాలంటే తడబాటే. మీ ఆడపడుచు గారు తినే కారంలో మా బడి రోజులు ఉన్నాయక్కా. కోపంతో అనట్లేదు, తెలియాలని.

సీతమ్మధార నాన్న:
సీమన్నా, అది చదివి మనసు పాడైంది. కానీ టీచరమ్మ గారూ, ఆ శాతాల మీద నాకు నమ్మకం లేదండి. పదిలో పాస్ మార్కు 35, హిందీకైతే 20. పరీక్షల ముందు వంద రోజుల ప్లాన్ అని రాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టి వచ్చే ప్రశ్నలు బట్టీ కొట్టిస్తే శాతం పెరగదా? మా వాడు పాసయ్యాడు. ఆల్జీబ్రా మాత్రం రాదు. మరి మన్యం ఫస్ట్ అంటే అక్కడ చదువు ఫస్ట్ అనేనా?

కొండమీద టీచరమ్మ:
మీరన్నది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా అన్నయ్య గారూ, పాస్ శాతం అంటే చదువు కాదు. కానీ ఇన్నాళ్ళూ వెనకబడినవాళ్ళు అని తిట్టడానికి అదే శాతాన్ని వాడారు, వాళ్ళు ఫస్ట్ వచ్చిన రోజు శాతం పనికిరాదు అంటే ఎలా? ఇంకోటి, మీ అబ్బాయికి జరిగింది చూడండి, రాష్ట్రంలో పెద్ద సిటీ, టైల్స్ వేసిన బడి, లెక్కల టీచర్ లేడు. కొండమీద రోడ్డు లేని చోట పోస్టు ఖాళీ ఎందుకుంటుందో అందరికీ తెలుసు, సిటీలో కూడా ఖాళీ ఉంటే దాన్ని ఏ ప్రాంతం మీద వేస్తాం? చట్టం ప్రకారం ప్రైమరీలో 30 మందికి ఒక టీచర్ ఉండాలి, నా క్లాసులో ఇప్పుడు 51 మంది, అందులో ఒడిశా నుంచి, శ్రీకాకుళం నుంచి అపార్ట్‌మెంట్ పనులకి వచ్చినవాళ్ళ పిల్లలు సగం, బిల్డింగ్ అయిపోతే చెప్పకుండా వెళ్ళిపోతారు.

చెల్లెమ్మా, మీరు బడికి వెళ్ళినప్పుడు బిల్డింగ్ చూడొద్దు. ఏ సబ్జెక్టు పోస్టు ఖాళీ ఉందో హెచ్ఎం గారిని నేరుగా అడగండి. మధ్యాహ్నం భోజనం టైంలో వెళ్ళి పిల్లలు తింటున్నారా పారేస్తున్నారా చూడండి. ఏదో ఒక పిల్ల నోట్సు తీసి టీచర్ దిద్దిన ఎర్ర సిరా ఉందో లేదో చూడండి, కేవలం టిక్కులున్నాయా, తప్పు పక్కన ఒప్పు రాశారా అని. పేరెంట్స్ కమిటీలో చేరండి, ఖాళీ పోస్టు గురించి నేను అడిగితే యూనియన్ గొడవ అంటారు, తల్లి అడిగితే రాసుకుంటారు.

గుంటూరు టు వైజాగ్:
అందరికీ థాంక్స్ అండి. సీమ అన్నా, నిన్న రాత్రి మీరు రాసింది మా ఆడపడుచుకి చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇవాళ బడికి వెళ్ళొచ్చాం. హైస్కూల్లో లెక్కల టీచర్లు ఇద్దరున్నారు, హిందీ పోస్టు ఖాళీ. ఒక అమ్మాయి సైన్స్ నోట్సు అడిగి చూశాను, ఆకు బొమ్మలో పత్రరంధ్రం తప్పు చోట గుర్తిస్తే మేడం గీత కొట్టి పక్కనే చిన్న బొమ్మ మళ్ళీ వేసి చూపించారు. పాపని అక్కడే చేర్పించేశాను. బాబు సంగతే తేలలేదు, ప్రైమరీలో ఐదు క్లాసులకి ఇద్దరే టీచర్లు, అందులో ఒకావిడ మెటర్నిటీ లీవులో ఉన్నారట. 2025 మెగా డీఎస్సీ టీచర్ల భర్తీలో 16,347 పోస్టులన్నారు కదా, మరి ఈ బడికి ఎందుకు రాలేదో అడుగుతూ మండల విద్యాధికారి ఎంఈవో గారికి కాగితం రాశాను, పక్కింటి ఇద్దరు తల్లులు కూడా సంతకం పెట్టారు. టీచరమ్మా, ఎంఈవో ఆఫీసులో ఏ రోజు వెళ్తే కలుస్తారు?